మన ఇంటి పాత నగ ఏ కాలంనాటిది? ఎక్కడిది? కనుక్కుందాం రండి

అమ్మమ్మ దగ్గర నుంచో నానమ్మ దగ్గర నుంచో ఒక పాత నగ మన చేతికి వచ్చిందనుకుందాం. ఇంట్లోవాళ్ళు "ఇది రెండు వందల ఏళ్ళనాటిది" అంటారు. దుకాణంలో తూకం వేసి "తరుగు పోను ఇంత వస్తుంది, కొత్తది తీసుకోండి" అంటారు. కరిగించేశాక ఆ నగను ఏమీ అడగలేం. అందుకే ఏ నిర్ణయం తీసుకున్నా, అంతకుముందు ఒక మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని దాన్ని పరిశీలిద్దాం. ఎప్పుడూ చేసి ఉండకపోయినా పర్వాలేదు.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకుందాం. పాత నగకు వయసు ఒక్కటే ఉండదు. కాసులు ఒక కాలానివి, పతకం మరో కాలానిది, కొక్కెం నిన్నమొన్న వేయించింది కావచ్చు. మన ఇళ్ళలో నగలు విప్పించారు, పంచుకున్నారు, పెళ్ళి పెళ్ళికీ మార్పించుకున్నారు. కాబట్టి ఒక్కో భాగాన్నీ విడివిడిగా ఒకే ప్రశ్న అడుగుదాం: ఇది ఏ సంవత్సరానికి ముందు తయారై ఉండే వీల్లేదు?

కావలసినవి

- పదిరెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం. వజ్రాల వ్యాపారులు లూప్ అంటారు. ఇంతకంటే పెద్దది వద్దు, మొదట్లో చూపు నిలవదు.
- 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ త్రాసు.
- మిల్లీమీటర్లున్న స్కేలు, టార్చిలైటు, అయస్కాంతం ముక్క.
- తెల్లటి మెత్తని నూలుబట్ట, వెడల్పాటి పళ్ళెం. నగను పళ్ళెంలో పరిచిన బట్టమీదే ఉంచుదాం. ఊడిన రాయి నేలమీద పడితే దొరకదు.
- గాజు గ్లాసుడు నీళ్ళు, కుట్టుదారం.
- ఫోను కెమెరా, ఒక నోటుపుస్తకం.

పద్ధతి

1. ముందు ఫొటోలు, ఆ తర్వాతే చేయి

కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట కూర్చుందాం. నగ పక్కన స్కేలు పెట్టి ముందువైపు, వెనకవైపు, అంచులు, కొక్కేలు ఫొటో తీద్దాం. మురికిగా ఉన్నా కడగకండి. కుంకుడురసంలో నానబెట్టడం మన ఇళ్ళలో అలవాటే. సాదా బంగారు గొలుసుకు దానివల్ల నష్టం లేదు. రాళ్ళు పొదిగిన పాత నగకు మాత్రం చాలా చేటు. ఎందుకో నాలుగో మెట్టులో చూద్దాం.

2. పెద్దవాళ్ళను అడుగుదాం

"ఇది ఎప్పటిది అమ్మమ్మా?" అని అడిగితే "చాలా పాతది నాయనా" అన్న జవాబే వస్తుంది. ప్రశ్నను చిన్నచిన్న ముక్కలు చేద్దాం. ఇది నీకు పుట్టింటివాళ్ళు పెట్టారా, అత్తగారు పెట్టారా? నీ పెళ్ళిలో వేసుకున్నావా? దీంట్లోంచి ఏమైనా తీసి ఇంకెవరికైనా చేయించారా? ఏ ఊరి ఆచారిగారు చేశారు? తాకట్టు పెట్టి విడిపించారా? విన్నది విన్నట్టు, ఎవరు చెప్పారో వారి పేరుతో సహా రాసుకుందాం. అది నిజమా కాదా అన్నది ఇప్పుడే తేల్చవద్దు.

తర్వాత పాత పెళ్ళి ఫొటోలు తీయమందాం. ఏ సంవత్సరందో తెలిసిన ఫొటోలో ఆ నగ స్పష్టంగా కనిపిస్తే అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఆ ఏటికి నగ ఉన్నట్టే. అయితే ఒక్కో కాసునూ పోల్చి చూడండి. ఒకే నమూనాలో అక్కచెల్లెళ్ళిద్దరికీ చేయించడం మామూలే, ఫొటో కోసం అరువు తెచ్చుకోవడమూ ఉండేది.

3. పెట్టె, రసీదు, చుట్టిన కాగితం

వీటిని చాలామంది ముందే పారేస్తారు. పారేయకండి, తేదీ లేకపోయినా ఇవి కాలం చెబుతాయి. ధర 45-8-0 లాగా మూడు ముక్కల్లో ఉంటే అది రూపాయలు, అణాలు, పైసల లెక్క. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి కాబట్టి ఆ రసీదు సాధారణంగా అంతకుముందుదే. "నయా పైసలు" అని ఉంటే 1957, 1964 మధ్యది. హైదరాబాద్ రసీదులో "హాలీ", "కల్దార్" అని రూపాయలను వేరుచేసి రాసి ఉంటే నిజాం నాణెం చెల్లిన రోజులవి. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిది. ఊరి పేరు కింద మద్రాసు రాష్ట్రమని ఉందా, ఆంధ్ర (1953) అనా, ఆంధ్రప్రదేశ్ (1956) అనా, తెలంగాణ (2014) అనా చూడండి. బరువు తులాల్లో ఉందా, గ్రాముల్లోనా అన్నదీ రాసుకోండి. కానీ దానిమీద మరీ ఆధారపడకండి. తులం, సవర, కాసు లెక్కలు ఇప్పటికీ నోళ్ళలో ఉన్నాయి.

పెట్టె మీది దుకాణం పేరు పెట్టెకు మాత్రమే చెందుతుంది. వేరే నగ కొన్నప్పటి పెట్టెలో పాత నగ దాచుకోవడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే.

4. వెనక్కి తిప్పి చూద్దాం

నా మటుకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇదే. ముందువైపు ఎవరైనా మెరుగు పెట్టించగలరు. చేసినవారి చేయి వెనకవైపే కనబడుతుంది.

టార్చిని పక్కనుంచి వేసి భూతద్దాన్ని కంటికి ఆనించి, నగను దగ్గరికి తెచ్చుకుందాం. కొత్తవాళ్ళు భూతద్దాన్ని నగ దగ్గర పెట్టి దూరం నుంచి చూస్తారు. అలా చూస్తే ఏమీ కనబడదు.

రాళ్ళ వెనక బంగారంతో పూర్తిగా మూసి ఉందా, వెలుతురు పడేలా తెరిచి ఉందా? మన పాత పనిలో రాయి కింద మెరిసే రేకు పెట్టి, లక్కతో నింపి, వెనక మూసేవారు. కొక్కేలతో రాయిని పట్టి వెనక ఖాళీ వదిలే పని 19వ శతాబ్దం చివరినుంచి ఐరోపా ప్రభావంతో మన దగ్గర పెరిగింది. అయినా మూసిన పని ఆగిపోలేదు, ఈ రోజుకీ చేస్తున్నారు. కాబట్టి మూసి ఉన్నంత మాత్రాన పాతదని రాయకండి. కడగవద్దన్నది ఈ రేకు గురించే. సందులోంచి నీళ్ళు దిగితే రేకు నల్లబడుతుంది, కెంపు బొగ్గులా కనబడుతుంది, మళ్ళీ మెరవదు. వేడి తగిలితే లక్క కరిగి రాళ్ళు కదులుతాయి.

ఇప్పుడు అరుగుదల చూద్దాం. గొలుసు వలయాలు ఒకదానితో ఒకటి రాసుకునే చోట పలచబడి ఉండాలి. చర్మానికి తగిలే వెనకవైపు అంచులు నున్నబడి ఉండాలి. ఎవరూ తాకని మూలల్లోనూ అరిగినట్టుంటే, అలా కనబడాలని చేసినదేమో అనుమానించండి. చేత్తో చేసిన నగలో ఒకే రకం మామిడిపిందెలు రెండు పక్కపక్కన పెడితే పిసరంత తేడా ఉంటుంది. అన్నీ అచ్చుగుద్దినట్టుంటే అచ్చులో పోసినవో యంత్రంతో చేసినవో కావచ్చు. అతుకులున్న చోట బంగారం రంగు మారిందా, ఒక కొక్కెం మిగతావాటికంటే కొత్తగా మెరుస్తోందా అన్నదీ చూసి, ప్రతి మరమ్మతును నోటుపుస్తకంలో గీసిన బొమ్మమీద గుర్తుపెట్టుకుందాం.

5. ముద్రలు

కొక్కెం నాలుక, దుద్దుల మర, కంటె చివరలు, ఉంగరం లోపలివైపు. ముద్రలు ఉండేది ఇలాంటిచోట్లే. పాత ఊరి పనిలో ఏ ముద్రా ఉండకపోవచ్చు. అదేమీ లోపం కాదు.

భారత్‌లో బీఐఎస్ హాల్‌మార్కు బంగారు నగలకు 2000లో మొదలైంది. త్రికోణం లాంటి బీఐఎస్ గుర్తు, 916 వంటి అంకె ఉంటే ఆ భాగం అంతకుముందుది కాదు. 2016 వరకు పక్కనే సంవత్సరాన్ని చెప్పే ఇంగ్లిష్ అక్షరం కూడా వేసేవారు. 'ఏ' అంటే 2000, 'బి' అంటే 2001, అలా వరుసగా. 'ఐ' వదిలేశారు కాబట్టి 'జె' 2008 అవుతుంది. అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ ఉంటే 2021 తర్వాతిది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడవచ్చు. కేడీఎం అని ఉంటే కాడ్మియం కలిపిన అతుకు వాడారని, సాధారణంగా హాల్‌మార్కుకు ముందు తరం దుకాణపు నగ అని అర్థం.

స్వచ్ఛత తక్కువగా ఉన్న నగ కనబడితే తొందరపడి మోసమనుకోకండి. 1963 జనవరిలో వచ్చిన బంగారం నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించి కొత్త నగలు చేయకూడదన్నాయి. 1966లో ఆ షరతు ఎత్తేశారు. ఆ మూడు నాలుగేళ్ళలో పెళ్ళిళ్ళు చేసుకున్నవారి ఇళ్ళలో అలాంటివి దొరకవచ్చు.

గల్ఫ్ నుంచి వచ్చిన నగల మీద 875 (21 క్యారెట్లు), 750 (18 క్యారెట్లు) చూస్తాం. ఇంగ్లండ్ నగలమీద 375 లేదా 9, పక్కన లంగరు బొమ్మ ఉంటే బర్మింగ్‌హామ్, చిరుతపులి తల ఉంటే లండన్ పరీక్షాలయం. పక్కనే ఉండే చిన్న అక్షరం సంవత్సరానిది. ముద్రిత పట్టికలతో దాని ఆకారాన్ని, చట్రాన్ని పోల్చాలి.

వెనక గీకినట్టుండే అంకెలను కూడా వదలకండి. తూకమో, తాకట్టు దుకాణం నంబరో అయివుంటుంది. ౧, ౨, ౩ అని తెలుగు అంకెల్లో ఉంటే, తెలుగు లెక్కలు రాసేవారి చేతుల మీదుగా వెళ్ళిందనడానికి అది మంచి గుర్తు.

6. కాసులు

కాసులపేరులో ఉన్నవి రెండు రకాలు. లక్ష్మీదేవి బొమ్మతో నగకోసమే అచ్చొత్తిన పలుచని కాసులు ఒకటి, నిజమైన నాణేలు రెండోది. మొదటివాటిమీద ఏడాది ఉండదు. రెండోవి మాత్రం మనకు వరం.

బ్రిటిష్ సవరన్ 7.99 గ్రాములు, అడ్డంగా 22 మిల్లీమీటర్లు, 22 క్యారెట్లు. కొక్కెం అతికి ఉంటే బరువు కాస్త ఎక్కువ, అరిగితే కాస్త తక్కువ. ఏడాది అరిగిపోతే తలను చూద్దాం. విక్టోరియా రాణి జుట్టు రిబ్బనుతో ముడిచి, ముసుగు లేకుండా ఉంటే 1838 నుంచి 1887 లోపు. ముసుగుమీద చిన్న కిరీటం ఉంటే 1887 నుంచి 1893. ముసుగుతో వయసు మళ్ళిన ముఖమైతే 1893 నుంచి 1901. కుడివైపు తిరిగిన గడ్డం రాజు ఏడో ఎడ్వర్డ్, 1902 నుంచి 1910. ఎడమకు తిరిగినవాడు ఐదో జార్జి, 1911 నుంచి. జార్జి సవరన్ వెనకవైపున ఉండే గుర్రం కాళ్ళకింద నేలగీత మీద ఇంగ్లిష్ 'ఐ' అక్షరం ఉంటే అది 1918లో బొంబాయిలో ముద్రించినది. బొంబాయిలో ఆ ఒక్క ఏడాదే సవరన్లు వేశారు.

వెండి మొలతాళ్ళకు, దండలకు రూపాయి బిళ్ళలు వాడారు. వీటిలో ఒక చిక్కుంది. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయిని అదే ఏడాది అంకెతో 1874 వరకు ముద్రిస్తూ పోయారు. 1862 చూడగానే ఆ ఏడాదిదేనని రాస్తే పన్నెండేళ్ళు తేడా వచ్చే వీలుంది. "క్వీన్" అని కాక "ఎంప్రెస్" అని ఉంటే 1877 నుంచి వచ్చినది.

నిజాం నాణెం మీద చార్మినార్ బొమ్మ ఉంటే 20వ శతాబ్దం మొదటినుంచి వచ్చినది. మధ్య దర్వాజాలో 'మీమ్' అక్షరం మహబూబ్ అలీ ఖాన్‌ది, 'ఐన్' 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఏడాది హిజ్రీలో, అరబిక్ అంకెల్లో ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన లెక్క దగ్గరగా వస్తుంది. 1341 హిజ్రీ అంటే 1922-23.

దండలో అన్నిటికంటే కొత్త కాసు ఏదో దానికింద గీత గీయండి. దండ ఆ ఏడాదికంటే ముందు ఇప్పటి రూపంలో ఉండదు. పాత కాసును చూసి మురిసిపోయి దాని ఏడాదినే దండకు అంటగట్టడం అందరూ చేసే పొరపాటు.

7. రాళ్ళు, ముత్యాలు

కెంపు లోపలికి భూతద్దంతో చూద్దాం. నెమ్మదిగా తిప్పుతుంటే లోపల వంపు తిరిగిన సన్నని చారలు, గుండ్రటి గాలిబుడగలు కనబడితే అది కొలిమి మంటలో పెంచిన కెంపు. ఫ్రాన్సులో వెర్న్యూయ్ ఈ పద్ధతిని 1902లో ప్రకటించాడు, కాబట్టి ఆ రాయి సాధారణంగా అంతకుముందుది కాదు. దీన్ని చూసి నగ నకిలీదని బాధపడకండి. ఈ కెంపులు పొదిగిన మంచి పనితనం నగలు మన ఇళ్ళలో బోలెడున్నాయి. తెల్లరాయి క్యూబిక్ జిర్కోనియా, అంటే మనం అమెరికన్ డైమండ్ అనేది అయితే, 1970ల రెండో సగం తర్వాతిది. కానీ రాయి ఊడిపోతే కొత్తది పెట్టించడం మామూలు. అన్ని రాళ్ళూ ఒకేలా ఉన్నాయా, ఒక్కటే తేడాగా ఉందా చూసుకోవాలి.

ముత్యం రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. పైపొరకూ లోపలి గుండుకూ మధ్య గీత స్పష్టంగా కనిపిస్తే పెంపకపు ముత్యం. గుండ్రటి పెంపకపు ముత్యాలు 1920ల నుంచే జపాన్ నుంచి బజారులోకి వచ్చాయి. గీత లేకుండా, రంధ్రం చాలా సన్నగా, ముత్యాలు ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటే సహజమైన బస్రా ముత్యాలేమో పరీక్ష చేయించవచ్చు.

వజ్రం "గోల్కొండది" అని ఎవరైనా చెబితే చెప్పినవారి పేరుతో రాసుకోండి చాలు. గోల్కొండ వజ్రాలు దొరికిన కొల్లూరు గనిలో పుట్టిందని కంటితో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు.

8. తూకం

అయస్కాంతానికి నగ అతుక్కుంటే లోపల ఇనుము ఉందన్నమాట. అతుక్కోకపోతే బంగారమేనని కాదు, ఇత్తడీ రాగీ కూడా అతుక్కోవు. రాళ్ళు, లక్క లేని గట్టి నగకైతే నీటి పరీక్ష చేద్దాం. మామూలుగా తూచి రాసుకుందాం. తర్వాత త్రాసుమీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, నగను దారంతో వేలాడదీసి, అడుగుకూ గోడలకూ తగలకుండా ముంచుదాం. త్రాసు చూపిన అంకెతో మొదటి బరువును భాగించాలి. 8.00 గ్రాముల నగకు నీళ్ళలో 0.45 చూపిస్తే 17.8 వస్తుంది. 22 క్యారెట్లకు 17.5, 18 మధ్య రావాలి. 18 క్యారెట్లకు 15, 16 మధ్య, వెండికి 10కి కాస్త పైన, ఇత్తడికి 8.5 దగ్గర. గాలిబుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, నగను మెల్లగా కదిపి మళ్ళీ చూడండి. బోలు నగకు ఈ పరీక్ష పనికిరాదు.

9. ఏ ప్రాంతపుది?

ఇది కాలం కంటే కష్టం. పనివాళ్ళు ఊళ్ళు మారారు, నమూనాలు వాళ్ళతోపాటు వెళ్ళాయి. అంచున చిన్న ముత్యాలు గుత్తులుగా వేలాడే గుట్టపూసల హారం కోస్తా ఆంధ్ర అభిరుచి. ఏడు పేటల సత్లడా, మెడకు హత్తుకునే చింతాకు, వెనక మీనా రంగులు హైదరాబాద్ వైపు చూపిస్తాయి. కెంపులు దట్టంగా పొదిగిన దేవాలయపు నగలకు నాగర్‌కోయిల్ దగ్గరి వడసేరి ప్రసిద్ధి. ఆకుపచ్చ గాజు పలకలతో పాలక్కా, నాగపడం కేరళవి. బంగారంలా మెరుస్తూ అరిగినచోట ఎర్రటి రాగి కనబడితే మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి పని కావచ్చు. అది కూడా దాచుకోదగ్గ చేతిపనే. 1942కు ముందు రంగూన్‌లో బతికి వచ్చిన తెలుగు కుటుంబమైతే బర్మా నగ అయ్యే అవకాశం గట్టిగా పరిశీలించండి.

ఒక్క లక్షణంతో ఊరి పేరు రాయకండి. నమూనా, వెనకవైపు పని, ఇంటివాళ్ళ మాట, మూడింటిలో రెండైనా కలవాలి.

10. అన్నీ ఒకచోట రాద్దాం

ఉదాహరణకు ఒక కాసులపేరు తీసుకుందాం. కాసుల్లో అన్నిటికంటే కొత్తది 1913. పతకంలో కెంపులన్నీ వంపుచారలవే. కొక్కెం మీద బీఐఎస్ గుర్తు, 'ఎఫ్' అక్షరం, అంటే 2005. ముత్తవ్వగారి 1931 పెళ్ళి ఫొటోలో ఇదే దండ, ఇదే పతకంతో ఉంది. మనం రాసుకునేది ఇలా: "కాసుల దండ 1913, 1931 మధ్య కూర్చినది. పతకం 1902 తర్వాత, 1931 లోపు. కొక్కెం 2005లోనో ఆ తర్వాతో మార్చారు. ప్రాంతం ఇంకా తేలలేదు." తేలనిచోట తేలలేదనే రాయాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

చింతపండు, నిమ్మరసం, విబూదితో తోమడం. పులుపు ముత్యాల మెరుపును తినేస్తుంది.

దుకాణంలో అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయనివ్వడం. రేకు పెట్టిన నగ ఒక్కసారికే పాడవుతుంది.

పాత దారం తెగిందని పూసలన్నీ ఒకే డబ్బాలో పోయడం. వరుస ఫొటో తీసి, ఏ పేటవి ఆ కవరులో వేయండి. పాత దారం ముక్కనూ ఉంచండి.

స్వచ్ఛత కోసం కోసి, కరిగించి చూడనివ్వడం. హాల్‌మార్కింగ్ కేంద్రంలో ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం నగను ముట్టకుండానే చెబుతుంది. అది పైపొరను మాత్రమే చదువుతుంది కాబట్టి రెండు మూడు చోట్ల పెట్టించుకోండి. రాళ్ళకు రత్న పరీక్షాలయానికే వెళ్ళాలి. విలువ కట్టేవారూ, కొనేవారూ ఒకరే కాకుండా చూసుకోండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న అమ్మాయికి పంపుదామని లెక్కలో వందేళ్ళు దాటిన నగను సూట్‌కేసులో పెట్టేయడం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన వస్తువు పురావస్తువు కింద లెక్క, సొంతంగా దేశం దాటించకూడదు. మన నోటుపుస్తకంలో తేదీలు వందేళ్ళకు అటూఇటూగా ఉంటే ప్రయాణానికి ముందే పురావస్తు శాఖను సంప్రదించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం వస్తుందేమో అడగండి. అప్పుడు మనం తీసిన ఫొటోలు, తూకాలు, రసీదు కాపీలు వెంట తీసుకెళ్ళండి.